నిలిచిన బండికి నేల మీది కరెంటు

సినిమా షూటింగు జరిగే చోట నటీనటులు విశ్రాంతి తీసుకునే పెద్ద బండిని మీలో కొందరు చూసే ఉంటారు. దానిని కారవాన్ అంటారు. లోపల మంచం, వంటగట్టు, ఫ్రిజ్, ఎ.సి., స్నానాల గది అన్నీ ఉంటాయి. చక్రాల మీద ఉన్న చిన్న ఇల్లన్నమాట. ఇటువంటి బండి తెలుగువారికి కొత్తేమీ కాదు. 1982లో ఎన్.టి. రామారావు పాత చెవ్రోలె వ్యాను నొకదానిని మార్పించి, దానికి 'చైతన్య రథం' అని పేరు పెట్టి, రాష్ట్రమంతటా తిరిగారు. తర్వాత 1985, 1989, 1994 ఎన్నికలలో ఆయనను శాసనసభకు పంపినది గోరంట్లకు దగ్గరలోని హిందూపురమే.

బండి నడుస్తున్నంతసేపు ఇంజను తిరుగుతుంది, బ్యాటరీ నిండుతుంది. మరి బండి ఆగి, ఇంజను ఆపేస్తే? బ్యాటరీతో దీపాలు, చిన్న ఫ్యాను నడుస్తాయి గాని ఎ.సి. ఎంతోసేపు నడవదు. అందుకని పక్కనున్న ఇంటి నుంచో హోటలు నుంచో పొడవాటి వైరు ఒకటి లాగి బండికి తగిలిస్తారు. దీనికి ఇంగ్లీషులో ఉన్న పేరు 'షోర్ పవర్'. అంటే ఒడ్డు కరెంటు. ఎడారిలో నిలిపిన బండికైనా ఇదే పేరు! కారణం, ఈ పద్ధతి ఓడల నుంచి వచ్చింది. రేవులో లంగరు వేసిన ఓడ తన ఇంజన్లను ఆపి, ఒడ్డు నుంచి లాగిన కేబులుతో దీపాలు వెలిగించుకునేది. ఓడకు పుట్టిన పేరు బండికి అంటుకుంది.

ఇప్పుడొక సన్నివేశం ఊహించుకుందాం. బెంగుళూరు నుంచి ఒక కుటుంబం కారవాన్‌లో వచ్చి, లేపాక్షి చూసుకుని, పుట్టపర్తికి పోతూ రాత్రికి గోరంట్లలో బంధువుల ఇంటి ముందు ఆగింది. మేనమామ కిటికీలో నుంచి 30 మీటర్ల వైరు లాగి బండికి తగిలించాడు. దీపాలు వెలిగాయి. ఎ.సి. వేశారు, బాగానే ఉంది. తర్వాత నీళ్లు కాగే హీటరు కూడా వేశారు. కాసేపటికి దీపాలు మసకబారాయి, ఎ.సి. మూలగసాగింది, ఎక్కడినుంచో కమురు వాసన. మామ టెస్టరు తెచ్చి సాకెట్టులో పెట్టి చూశాడు. టెస్టరు చక్కగా వెలిగింది. "కరెంటు వస్తా ఉంది కదప్పా!" అన్నాడు. నిజమే, వస్తూనే ఉంది. కాని లోపమూ ఉంది.

లోపం ఎక్కడుందో వైరును విప్పకుండానే కొంతవరకు ఊహించవచ్చు. మీరు తరగతిలో చదువుకునే ఓమ్ సూత్రం దానికి చాలు.

ఎ.సి., హీటరు కలిసి సుమారు 3,000 వాట్లు తీసుకుంటాయనుకోండి. 230 వోల్టుల మీద అది దాదాపు 13 ఆంపియర్లు. మామ లాగిన వైరులోని రాగి మందం 1 చదరపు మిల్లీమీటరు. ఇటువంటి మెత్తని రాగి వైరుకు కిలోమీటరుకు 19.5 ఓమ్‌ల వరకు నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి గనుక 30 మీటర్ల వైరును 60 మీటర్లుగా లెక్కించాలి. (ఈ మాట చాలామంది మరచిపోతారు.) మొత్తం నిరోధం 1.17 ఓమ్‌లు. 13 ఆంపియర్లు పారితే 15 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. ఎండాకాలం సాయంత్రం ఇంట్లోనే 200 వోల్టులు వస్తుంటే, బండికి చేరేది 185. వోల్టేజి పడితే మోటారు ఎలా మూలుగుతుందో బోరుబావి ఉన్న ఇంటి పిల్లలకు నేను చెప్పాలా!

ఆ పోయిన వోల్టులు ఉష్ణంగా మారుతాయి. ఎంత ఉష్ణం? ఆంపియర్లను వాటితోనే హెచ్చించి, నిరోధంతో హెచ్చించండి: 13 × 13 × 1.17. దాదాపు 198 వాట్లు. వైరు నేలమీద పొడవునా పరచి ఉంటే ఇది మీటరుకు ఆరేడు వాట్లే, గాలికి చల్లారిపోతుంది. కాని మనవాళ్లేం చేస్తారు? అవసరమైనంత వైరు విప్పి, మిగతాది చుట్టగా చుట్టి మంచం కింద తోసేస్తారు. అప్పుడు ఆ ఉష్ణంలో పెద్ద భాగం ఒక్కచోటే చేరుతుంది. పాతకాలపు వంద వాట్ల బల్బులు వెలుగుతుండగా గుడ్డలో మూటగడితే ఏమవుతుందో ఆలోచించండి. చుట్ట లోపలి పొరలలో ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, ఒక తీగ మరొక తీగను తాకుతుంది. కాబట్టి ఎంత పొడవు వైరు ఉంటే అంతా విప్పి పరచాలి, చుట్ట మిగలకూడదు. 1కి బదులు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం 198 నుంచి 81 వాట్లకు దిగుతుంది.

అయితే మన సన్నివేశంలో కమురు వాసన వైరు నడుమ నుంచి రాలేదు, కొస నుంచి వచ్చింది. వైరులో వచ్చే చిక్కులలో ఎక్కువ భాగం కొసలలోనే. ప్లగ్గు పిన్ను వదులుగా కూర్చున్నా, లోపలి స్క్రూ సడలినా, ఇత్తడి మీద చిలుము పట్టినా అక్కడ ఒక చిన్న నిరోధం పుడుతుంది. 0.2 ఓమ్ అనుకుందాం. చాలా తక్కువే గదా అనిపిస్తుంది. 13 ఆంపియర్ల వద్ద లెక్క వేయండి: 34 వాట్లు! రేడియోలు బాగుచేసేవారు సీసం కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఇనుము 25 వాట్లదే. అంతకు మించిన వేడి శనగగింజంత చోట పుడుతోందన్నమాట. ఆ వేడికి ఇత్తడి మరింత చిలుము పడుతుంది, బిగువు ఇంకా సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి మరీ పెరుగుతుంది. ఒకసారి నల్లబడిన ప్లగ్గును గీకి మళ్లీ వాడినవారికి వారం తిరక్కుండా అదే వాసన రావడానికి కారణం ఇదే. నల్లబడిన ప్లగ్గునూ, దానితోపాటు నల్లబడిన సాకెట్టునూ రెంటినీ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

మరి మామగారి టెస్టరు ఏమీ చెప్పలేకపోయిందేం? టెస్టరులోని నియాన్ దీపానికి కావలసిన కరెంటు అత్యల్పం. అది మన శరీరం గుండా పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. అంత చిన్న ప్రవాహానికి 0.2 ఓమ్ కాదు, వేల ఓమ్‌లు అడ్డున్నా లెక్కలేదు. వోల్టు ఉన్నదని అది చెబుతుంది గాని బరువు మోయగలదా అన్నది చెప్పదు. ఇంకో తమాషా కూడా ఉంది. బండిలో ఏదో సామాను స్విచ్చి వేసి ఉండగా వైరులో న్యూట్రల్ తెగితే, బండి వైపు రెండు రంధ్రాలలోనూ టెస్టరు వెలుగుతుంది! ఫేజు ఆ సామాను గుండా వచ్చి, తిరిగి పోయే దారి లేక తెగిన న్యూట్రల్‌లో నిలబడిపోతుంది. దీపం ఒకటీ వెలగదు, టెస్టరు మాత్రం రెండు చోట్లా వెలుగుతుంది. మేస్త్రీలు ఇది చూసిన వెంటనే "న్యూట్రల్ పోయింది" అంటారు. (టెస్టరు పట్టే పని పెద్దలది సుమా, మీది కాదు.)

ఫేజు గాని న్యూట్రల్ గాని తెగితే దీపాలు ఆరిపోతాయి. అంటే అవి తెగిన సంగతి అవే చెబుతాయి. మూడవ తీగ సంగతి వేరు. పాత వైర్లలో ఆకుపచ్చగాను, కొత్తవాటిలో ఆకుపచ్చ మీద పసుపు చారతోను ఉండే ఎర్తు తీగ తెగితే ఏమవుతుంది? ఏమీ కాదు! దీపాలు వెలుగుతాయి, ఎ.సి. నడుస్తుంది. ఎవరికీ తెలియదు. అదే దానిలోని ప్రమాదం.

హీటరు లోపల బంధకం చెడి, ఫేజు బండి ఇనుప రేకును తాకిందనుకోండి. ఎర్తు సరిగా ఉంటే ఆ కరెంటు దాని గుండా నేలకు పోతుంది. ఎర్తు తెగి ఉంటే? బండి కింద ఉన్నవి రబ్బరు టైర్లు. కరెంటు పోవడానికి దారి లేదు. బండి ఒళ్లంతా 230 వోల్టులతో అలాగే నిలుస్తుంది. లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు, కరెంటు తీగమీద వాలిన కాకికి తెలియనట్లే. వారి చుట్టూ ఉన్నదంతా ఒకే వోల్టేజి మీద ఉంది. బయటనుంచి వచ్చినవాడు, తడినేల మీద ఒక కాలు ఉంచి తలుపు పిడి పట్టుకున్నాడంటే, నేలకూ బండికీ మధ్య వాడే తీగ అవుతాడు. తడి ఒంటికి నిరోధం వెయ్యి ఓమ్‌లు అనుకుంటే, 230 మిల్లీ ఆంపియర్లు. దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి పిడి వదలడం కష్టమవుతుంది. 100 దాటితే గుండె లయ తప్పవచ్చు. "లోపల మాకేం కొట్టడం లేదే" అని ఎవరన్నా అంటే, ఆ మాటకు విలువ లేదని మీకు ఇప్పుడు తెలుసు. బండిని ముట్టుకుంటే జిల్లుమన్నదంటే మళ్లీ ముట్టి చూడకూడదు. లోపలివారిని దిగవద్దని చెప్పి, ముందు ఇంటివైపు మెయిన్ ఆపించాలి.

వైరులో ఎర్తు బాగానే ఉన్నా, అది చివరకు చేరేది ఎక్కడికి? ఆ ఇంటి ఎర్తు గుంటకు. ఇక్కడ గోరంట్ల నేల సంగతి చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలో చేరేవరకు గోరంట్ల అనంతపురం జిల్లాలోది. దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాలలో ఇదొకటి. ఎండిన నేల కరెంటును సరిగా పోనివ్వదు. అందుకే ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, అప్పుడప్పుడు నీళ్లు పోస్తారు. ఏళ్ల తరబడి నీరు చూడని గుంటకు 20 ఓమ్‌ల నిరోధం ఉన్నదనుకోండి. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు దానికి పోదు, ఎం.సి.బి. పడిపోదు! ఎర్తు ఉండీ బండి రేకు మీద వోల్టేజి అలాగే ఉంటుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. అది చేసే పని చాలా సులభం: ఫేజులో వెళ్లినదెంత, న్యూట్రల్‌లో తిరిగివచ్చినదెంత అని ఎడతెగకుండా పోల్చి చూస్తుంది. సంతకు పంపిన డబ్బుకు ఇంటివారు లెక్క అడిగినట్లు! ఇళ్లలో వాడేదానికి తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి కనురెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఆ తేడా నేలలోకి పోతోందా, మనిషిలోకి పోతోందా అన్న విచారణ దానికి లేదు. వానాకాలంలో ఇది మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేస్తారు. ఇంతకంటే తెలివితక్కువ పని నాకు తోచదు. అది పడిపోతున్నదంటే, ఎక్కడో కరెంటు కారుతోంది. ఎక్కడో పట్టుకోవడం కష్టం కాదు. వైరును రెండు కొసలా వేరుచేసినప్పుడు కూడా పడితే లోపం ఇంటిలో. వైరు ఇంటికి తగిలించి బండికి తగిలించకుండా ఉంచితే పడితే వైరులో. బండికి తగిలించాకే పడితే బండిలో. ఆ తర్వాత బండిలోని సామానును ఒక్కొక్కటిగా కలిపి చూడడమే.

మీ చేతులతో చేయదగిన పరీక్ష ఒకటుంది. దానికి వైరు రెండు కొసలూ ఇంటినుంచీ బండినుంచీ పూర్తిగా ఊడబీకి ఉండాలి. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు వరుసగా కలపండి. మిగిలిన రెండు తీగ కొసలలో ఒకదానిని ప్లగ్గు ఎర్తు పిన్నుకు, రెండోదానిని అవతలి కొసలోని ఎర్తుకు తాకించండి. బల్బు వెలిగితే తీగ తెగలేదు. ఇలాగే మిగతా రెండు తీగలకూ చేయండి. బల్బు వెలుగుతుండగా మరొకరిని వైరు కొసల దగ్గర మెల్లగా వంచమనండి. మిణుకుమిణుకుమంటే లోపల పోగులు తెగుతున్నాయన్నమాట. ఎర్తుకూ ఫేజుకూ మధ్య పెడితే వెలగనే కూడదు. ఒక హెచ్చరిక: వైరు నిండా సన్నని రాగి పోగులుంటాయి. అందులో ఒక్క పోగు మిగిలినా మీ బల్బు వెలుగుతుంది. కాబట్టి బల్బు వెలగకపోతే వైరు చెడ్డదని గట్టిగా చెప్పవచ్చు; వెలిగితే మంచిదని అంత గట్టిగా చెప్పలేము.

మన మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా వాటికంటే పొడవుగా, లావుగా ఎందుకుంటుందో గమనించారా? పొడవు వల్ల అది అన్నింటికంటే ముందు తగులుతుంది, అన్నింటికంటే చివర వీడుతుంది. లావు వల్ల పొరపాటున ఫేజు రంధ్రంలోకి దూరదు. ఆ పిన్ను వంగిందనో, సాకెట్టులో దూరడం లేదనో కోసి పారేసేవారున్నారు. వారు కోసింది ఇత్తడి ముక్కను కాదు.

వైరు తగిలించడానికి ఒక వరుస ఉంది. ముందు బండి వైపు, తర్వాత గోడ వైపు, చివరకు స్విచ్చి. తీసేటప్పుడు తలక్రిందులుగా: స్విచ్చి, గోడ, బండి. అప్పుడు కరెంటు ఉన్న కొస ఎప్పుడూ చేతిలో ఉండదు. రెండు కొసలకూ పిన్నులున్న వైరును, అది ఎవరు చేసి ఇచ్చినా, వాడవద్దు. ఒక కొస గోడలో పెట్టగానే రెండో కొసలోని పిన్నులు నగ్నంగా 230 వోల్టులతో ఉంటాయి.

మీకొక లెక్క. 45 మీటర్ల దూరంలో నిలిచిన బండికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగారు. కిలోమీటరుకు దాని నిరోధం 13.3 ఓమ్‌లు. బండి 16 ఆంపియర్లు తీసుకుంటోంది. దారిలో పోయే వోల్టులెన్ని? వైరు వేడెక్కడానికి పోయే వాట్లెన్ని? 19 వోల్టులు, 306 వాట్లు దరిదాపుల్లో రాకపోతే, 45ను 90 చేయడం మరచారేమో చూసుకోండి.