ఆగిపోయిన బొమ్మల కథలు మళ్లీ ఎందుకు మొదలవుతాయి?

కార్టూన్లు చిన్నపిల్లల కాలక్షేపం మాత్రమేనని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అది కోట్ల రూపాయల పరిశ్రమ. ఆ పరిశ్రమలో ఒక విచిత్రం తరచుగా జరుగుతుంది. గిట్టుబాటు కాదని ఆపివేసిన ధారావాహికనే కొన్నేళ్ల తరువాత మళ్లీ మొదలుపెడతారు. ఎందుకు ఆపారు? ఎందుకు తిరిగి తీశారు? ఈ విషయాన్ని మాకు తెలిసినంతలో మిత్రులకు వివరించాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎందుకు ఆపుతారు?

కథ బాగాలేకనే ఆపుతారనుకుంటే పొరపాటు. టీవీలో వచ్చే యానిమేషన్‌కు డబ్బు చాలావరకు ప్రకటనల నుండి, బొమ్మల అమ్మకాల నుండి వస్తుంది. 'యంగ్ జస్టిస్' అనే ధారావాహిక 2010లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై, రెండు సీజన్ల తరువాత 2013లో ఆగింది. దాని పేరుతో తయారుచేసిన ఆటబొమ్మలు అనుకున్నంతగా అమ్ముడుపోకపోవడం ముఖ్య కారణమని దాని నిర్మాతల్లో ఒకరైన గ్రెగ్ వైస్‌మన్ తరువాత చెప్పారు.

యజమాని మారినా కథ ఆగవచ్చు. 'స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్' 2008లో మొదలైంది. 2012లో డిస్నీ సంస్థ లూకాస్ ఫిల్మ్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి సంవత్సరమే, అంటే 2013లో, కథ ముగియకుండానే టీవీలో ఆ ధారావాహిక ఆగిపోయింది.

ఎందుకు తిరిగి తీస్తారు?

మొదటి కారణం, కొత్త అంగడికి సరుకు కావాలి. 2019 నవంబరులో డిస్నీ ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపే సొంత సేవను ప్రారంభించింది. నెలనెలా చందా కట్టించాలంటే ప్రేక్షకుడికి ముందే తెలిసిన పేరు ఉండాలి. 2020లో 'క్లోన్ వార్స్' చివరి 12 భాగాలు ఆ సేవలోనే వచ్చాయి. 'యంగ్ జస్టిస్' కూడా 2019లో ఇలాంటి మరో కొత్త సేవ ద్వారానే తిరిగి వచ్చింది.

రెండవ కారణం, పునాది ముందే ఉంది. కాలువ నీళ్లు రాక ఒక ఏడు బీడు పెట్టిన పొలాన్ని మళ్లీ దున్నడం, అడవి కొట్టి కొత్త పొలం చేయడం కంటే సులువని సాగర్ ఎడమ కాలువ కింది రైతులకు చెప్పనక్కరలేదు. పాత్రల రూపాలు, కథా ప్రపంచం, ప్రేక్షకుల అభిమానం అన్నీ సిద్ధంగా ఉంటే ఖర్చులోని ప్రమాదం తగ్గుతుంది.

మూడవ కారణం, అప్పటి పిల్లలు ఇప్పుడు సంపాదనపరులు. 'ఎక్స్-మెన్' ధారావాహిక 1992 నుండి 1997 వరకు వచ్చింది. దానికి కొనసాగింపు 2024లో 'ఎక్స్-మెన్ 97' పేరుతో వచ్చింది. నాడు బడి నుండి పరుగున వచ్చి చూసినవారే నేడు చందాదారులు.

నాల్గవ కారణం, ఒక కొమ్మ చెట్టంతటికీ మేలు చేస్తుంది. 'క్లోన్ వార్స్'లో పుట్టిన అసోకా అనే పాత్రకు 2023లో నటులతో తీసిన ప్రత్యేక ధారావాహికే వచ్చింది.

మన తెలుగునాట

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో 'ఛోటా భీమ్'ను తెచ్చింది. ఆ భీముడినే పాకే పసివాడిగా మార్చి 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో 'మైటీ లిటిల్ భీమ్' తీశారు. 'బాహుబలి' రెండవ సినిమా వచ్చిన 2017లోనే 'ది లాస్ట్ లెజెండ్స్' అనే యానిమేషన్ ధారావాహిక అమెజాన్‌లో మొదలైంది. అది ముగిసిన తరువాత, 2024లో 'క్రౌన్ ఆఫ్ బ్లడ్' పేరుతో మాహిష్మతి కథ మరొక సేవలో కొత్తగా వచ్చింది. ఇది పాతదాని కొనసాగింపు కాదు. అయినా ప్రజలకు తెలిసిన పేరును వదలకూడదన్న ఆలోచన ఒక్కటే.

అన్నీ నిలబడతాయా?

నిలబడవు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన 'చందమామ' 1998లో ఆగింది. 1999 చివరలో మళ్లీ వెలువడింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ దానిని కొన్నది. చివరకు ఆ సంస్థే చిక్కుల్లో పడగా 2013 నాటికి పత్రిక నిలిచిపోయింది. తరతరాల అభిమానం ఉన్నా, నెలనెలా నడిపే శక్తి లేకపోతే తిరిగి మొదలైనది కూడా ఆగుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మనం గ్రహించవలసినది

పైవాటన్నింటిలో మూడు విషయాలు ఉమ్మడిగా కనిపిస్తాయి. పాత పని చెరిగిపోలేదు. అడిగేవారు మిగిలి ఉన్నారు. కొత్త దారి ఒకటి తెరుచుకున్నది.

మన హాస్టళ్లలో పది తప్పి, లేదా ఇంటి అవసరాలకు పత్తి చేలల్లోకి, మిల్లుల్లోకి వెళ్లి చదువు ఆపినవారు ఎందరో ఉన్నారు. వారు చదివిన తొమ్మిది తరగతులు ఎక్కడికీ పోలేదు. ఓపెన్ స్కూలు ద్వారా పది, ఇంటర్, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ పూర్తిచేసే దారి ఉన్నది. లోపించినది అడిగేవారు మాత్రమే. అయితే చందమామ చెప్పిన పాఠం కూడా మరువరాదు. దరఖాస్తు నింపించి ఊరుకుంటే చాలదు. పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు, పరీక్ష రోజున పోయే కూలికి కూడా ఎవరో ఒకరు నిలబడాలి.

కావున పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, మీతో చదివి మధ్యలో ఆగినవారి పేర్లు మాకు రాసి ఇవ్వండి. వారి ఇళ్లకు మేము వెళ్తాము, ఫీజు సంగతి మీరు చూడండి.