ముక్కుకు దెబ్బ: ఫొటో చెప్పేదీ, చెప్పనిదీ

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. బడి మైదానంలో కబడ్డీ ఆడుతుండగా తొమ్మిదో తరగతి కుర్రవాడి ముక్కుకు ఎదుటివాడి మోచెయ్యి బలంగా తగిలింది. రక్తం కారింది, కాసేపటికి ఆగింది. ముక్కు మాత్రం వాచింది. వాణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. “ముందు ఎక్స్-రే తీయించుకుని రండి” అన్నారు. చీటీ కోసం ఒక వరుసలో, ఫొటో కోసం మరో వరుసలో నిలబడ్డాం. ఫిల్ము ఆరేదాకా ఒక బల్ల మీద, దాన్ని చూసి రాసే డాక్టరు వచ్చేదాకా ఇంకో బల్ల మీద కూర్చున్నాం. పదింటికి వెళ్ళినవాళ్ళకి సాయంత్రం నాలుగింటికి కాగితం చేతికొచ్చింది. “ఎముక విరగలేదు” అని రాసి ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

ముక్కు వైద్యుడు ఆ కాగితం చదివి పక్కన పెట్టారు. “గాలి ఆడుతోందా బాబూ?” అని అడిగారు. “లేదండీ, రెండువైపులా మూసుకుపోయింది” అన్నాడు వాడు. ఆయన టార్చిలైటు వేసి ముక్కు రంధ్రాల్లోకి చూశారు. మధ్య గోడకు అటూ ఇటూ నేరేడుపండు రంగులో మెత్తని ఉబ్బు కనిపించింది. “మాస్టారూ, ఎముక విరగని మాట నిజమే. కాని ఇక్కడ రక్తం గడ్డకట్టింది. దీన్ని ఇవాళే తీసెయ్యాలి. ఆలస్యమైతే ముక్కు కుంగిపోతుంది” అన్నారు. ఆ సాయంత్రమే చిన్న గాటు పెట్టి రక్తం తీసేశారు. వాడి ముక్కు ఈనాటికీ చక్కగానే ఉంది.

ఇంటికి వచ్చాక నాకు రెండు సందేహాలు కలిగాయి. ఎక్స్-రేకు కనబడని ప్రమాదం టార్చిలైటుకు ఎలా కనబడింది? ఫొటో తీయడానికి పట్టింది ఒక్క క్షణమే కదా, ఆరు గంటలు ఎక్కడ పోయాయి? ఈ రెండింటికీ జవాబులు వెతుకుదాం రండి.

ముక్కులో ఏముంది?

మీ ముక్కును వేళ్ళతో తడిమి చూడండి. కళ్ళ మధ్యనున్న పైభాగం గట్టిగా ఉంటుంది, అది ఎముక. కింది భాగాన్ని అటూ ఇటూ వంచవచ్చు, అది మృదులాస్థి. మీ చెవి డొప్పలో ఉన్నదీ ఇదే. రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడను ముక్కు దూలం అంటాం. దాని ముందుభాగం కూడా మృదులాస్థే. ఇంటి కప్పును దూలం మోసినట్టు ఇది ముక్కు ఆకారాన్ని నిలబెడుతుంది.

మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. దానికి రెండువైపులా అంటుకుని ఉన్న పలుచని పొరలోనే రక్తనాళాలు ఉంటాయి. ఆహారమూ ఆక్సిజనూ ఆ పొర నుండి లోపలికి ఊరుతాయి. తడిగుడ్డ మీద సుద్దముక్క పెడితే నీళ్ళు పీల్చుకుంటుంది. రెంటి మధ్య ప్లాస్టిక్ కాగితం పెడితే సుద్ద పొడిగానే ఉండిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు పొరకూ మృదులాస్థికీ మధ్య రక్తం చేరితే అది ఆ ప్లాస్టిక్ కాగితంలా అడ్డుపడుతుంది. కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోతుంది. చీము కూడా పట్టవచ్చు. దూలం విరిగిన ఇంటిలా ముక్కు మధ్యలో కుంగుతుంది.

మరి ఎక్స్-రేలో ఇది ఎందుకు కనబడలేదు? ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి అది కిరణాలను ఎక్కువగా అడ్డుకుంటుంది. మృదులాస్థీ, రక్తమూ, మాంసమూ దాదాపు ఒకే మాదిరిగా కిరణాలను పోనిస్తాయి. ఫిల్ము అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే వేరు.

నుదుటి చర్మంతో ముక్కు

రక్తం అందితే కణజాలం బతుకుతుంది, అందకపోతే చస్తుంది. ముక్కు శస్త్రచికిత్సకు పునాది ఈ సూత్రమే. పూర్వం మన దేశంలో ముక్కు కోయడం ఒక శిక్ష. అందువల్ల తెగిన ముక్కును తిరిగి కట్టే విద్య కూడా ఇక్కడే పెరిగింది. ఆకుతో ముక్కు కొలత తీసుకుని, చెంప చర్మాన్ని మలచి ముక్కు చేయడం, గాలి ఆడేందుకు రంధ్రాల్లో గొట్టాలు పెట్టడం సుశ్రుత సంహితలో ఉన్నాయి.

1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యపు ఎడ్లను తోలే కవాస్జీ అనే అతను టిప్పు సుల్తాను సైనికులకు చిక్కాడు. వాళ్ళు అతని ముక్కునూ, ఒక చేతినీ కోసేశారు. తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి కొత్త ముక్కు కట్టాడు. మైనపు పలకను ముక్కు ఆకారానికి అమర్చి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మాన్ని లేపి, కళ్ళ మధ్య సన్నని తొడిమను మాత్రం కోయకుండా ఉంచాడు. ఆ తొడిమ మీదనే చర్మాన్ని తిప్పి ముక్కు ఉన్నచోట అతికాడు. కొత్త చోట రక్తనాళాలు పెరిగేదాకా తొడిమ గుండానే రక్తం అందింది. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో తొడిమను కోసేశారు. ఈ వివరాలు 1794 అక్టోబరులో లండన్‌లో జెంటిల్మన్స్ మేగజైన్ అనే పత్రికలో అచ్చయ్యాయి. అవి జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ శస్త్రవైద్యుణ్ణి ఆకర్షించాయి. ఆయన 1814లో ఈ పద్ధతిలో శస్త్రచికిత్స చేసి, 1816లో పుస్తకం ప్రకటించాడు. క్యాన్సరు వల్లనో, ప్రమాదం వల్లనో ముక్కు పోయినవారికి నుదుటి చర్మంతో ముక్కు కట్టడం ఈనాటికీ ఉంది. తొడిమను ఇప్పుడు కూడా సుమారు మూడు వారాలకే కోస్తారు.

ఆ పుణె వైద్యుడికి చేతితో తడిమితే తెలిసేదే తెలుసు. లోపలి ఎముకను కోయకుండా చూసే దారి ఆయనకు లేదు. ఆ దారి మరో నూరేళ్ళకు దొరికింది.

నీడల చిక్కు

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే దక్కింది. అదే 1901లో ఫ్రాన్సులో రెనే లె ఫోర్ అనే శస్త్రవైద్యుడు, ముఖానికి బలమైన దెబ్బ తగిలితే ఎముకలు ఎక్కడబడితే అక్కడ పగలవనీ, ముఖ్యంగా మూడు బలహీనమైన గీతల వెంట విడిపోతాయనీ తెలియజేశాడు. ఆయన మృతదేహాల తలలపై దెబ్బలు కొట్టి పరీక్షించాడు. ఆ మూడు రకాలనూ వైద్యులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ పగుళ్ళను ఎక్స్-రేలో చూడటం అంత సులువు కాదు. ఎక్స్-రే ఫొటో అంటే ఒక నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇది మీరే చేసి చూడవచ్చు. చీకటి గదిలో స్నేహితుణ్ణి టార్చి పట్టుకోమనండి. రెండు రబ్బరు ముక్కలను గోడకూ టార్చికీ మధ్య, ఒకదాని వెనక ఒకటి జానెడు దూరంలో పట్టుకోండి. గోడమీద ఒక్క నీడే పడుతుంది. ఇప్పుడు టార్చిని కొంచెం పైకెత్తించండి. టార్చికి దగ్గరున్న రబ్బరు నీడ ఎక్కువ కిందికి జారి, రెండు నీడలూ విడిపోతాయి.

ముఖంలోనూ ఇదే చిక్కు వచ్చింది. చెంప ఎముకల్లో, నుదుట్లో, కళ్ళ మధ్య, ముక్కు వెనక గాలి నిండిన గదులున్నాయి. వీటినే సైనస్‌లు అంటారు. నుదురూ ముక్కూ ఫిల్ముకు ఆనించి ఫొటో తీస్తే, చెవి లోపలి రాయిలాంటి ఎముక నీడ చెంప గదుల మీద పడి వాటిని కప్పేసేది. 1915లో వాటర్స్ అనే ఎక్స్-రే వైద్యుడూ, వాల్‌డ్రన్ అనే శస్త్రవైద్యుడూ కలిసి దీనికి ఉపాయం చెప్పారు. గడ్డం ఫిల్ముకు ఆనించి, ముక్కు కొంచెం ఎడంగా ఉండేలా తల పైకెత్తించాలి. అప్పుడు ఆ ఎముక నీడ కిందికి జారిపోయి చెంప గదులు స్పష్టంగా కనిపిస్తాయి. కొత్త యంత్రం ఏదీ అక్కరలేదు, తల వాలు మార్చితే చాలు. శస్త్రవైద్యుడికి కావలసింది ఏమిటో ఎక్స్-రే వైద్యుడికి తెలిస్తే జరిగే మేలు ఇది.

పొర పొరగా చూడటం

నీడల చిక్కును పూర్తిగా విప్పింది సి.టి. స్కాన్. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో మొదటి రోగి తలను 1971 అక్టోబరు 1న చిత్రించారు. ఎక్స్-కిరణాలను అనేక కోణాల నుండి పంపి, ఏ చుక్క దగ్గర ఎంత కిరణం ఆగిందో కంప్యూటరు లెక్క కడుతుంది. బ్రెడ్డును ముక్కలు కోసి చూసినట్టు తలను పొర పొరగా చూపుతుంది. హౌన్స్‌ఫీల్డ్‌కూ, దీనికి గణితం సమకూర్చిన అలన్ కార్మాక్‌కూ 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

తొలి చిత్రాల్లో అడ్డంగా 80, నిలువుగా 80 చుక్కలు, అంటే మొత్తం 6,400 చుక్కలు. ఇప్పుడు సాధారణంగా 512 చొప్పున ఉంటాయి. 512ను 512తో హెచ్చవేసి చూడండి. సాంద్రతకు కూడా అంకెలున్నాయి. నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు 1000 దరిదాపులు. ముక్కులో గాలీ, ఎముకా, మెత్తని పొరా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ తేడా అక్కడ బాగా పనికొస్తుంది.

1985లో అమెరికాలో కెనెడీ, జిన్‌రైక్ మొదలైన వైద్యులు, సన్నని దుర్భిణి గొట్టంతో ముక్కులోంచే సైనస్‌లకు శస్త్రచికిత్స చేసే పద్ధతినీ, దానికి సి.టి. చిత్రాల అవసరాన్నీ కలిపి వివరించారు. ముక్కుకూ కంటికీ మధ్య ఉన్న ఎముక కాగితమంత పలుచన. ముక్కు కప్పుకు పైన మెదడు ఉంది. ఒక మిల్లీమీటరు దారి తప్పితే చూపే పోవచ్చు. ఆ గోడలు మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి. అందుకే శస్త్రవైద్యుడు ఈ చిత్రాలను దేశపటంలా ముందు పెట్టుకుంటాడు.

ఫొటో చేతికి అందేదాకా

ఇక రెండో సందేహం. ఆ ఆరు గంటలు ఎక్కడ పోయాయి? ఒక లెక్క చేద్దాం. ఒక ఆసుపత్రి ఉందనుకోండి. ఎక్స్-రే గదిలో గంటకు 6 ఫొటోలు తీయగలరు. వాటిని చూసి రాసే డాక్టరు గంటకు 4 మాత్రమే చూడగలరు. ఉదయం 8 నుండి 12 దాకా ఫొటోలు 24, చూసినవి 16. మిగిలినవి 8. “ఇంకో యంత్రం కొందాం” అన్నారనుకోండి. ఇప్పుడు ఫొటోలు 48, చూసినవి మళ్ళీ 16. మిగిలినవి 32! వరుస తగ్గలేదు సరికదా, పెరిగింది. యంత్రానికి బదులు ఫొటోలు చూసే డాక్టరు మరొకరు ఉంటే 24కు 24 పూర్తవుతాయి. సీసాలో ఎన్ని నీళ్ళున్నా మెడ ఎంత ఉంటే అంతే బయటికి వస్తాయి. ఎక్కడ ఇరుకుగా ఉందో కనిపెట్టి అక్కడ విప్పాలి.

మనుషులను పెంచకుండా చేయగల పనులు కూడా ఉన్నాయి. వచ్చిన వరుసలో కాక అత్యవసరమైన ఫొటోను ముందు చూడటం ఒకటి. చీటీమీద “ఎక్స్-రే” అని మాత్రం రాయకుండా, దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎటువైపు, ఏమి తెలుసుకోవాలి అని రాయడం రెండోది. కుడి ఎడమల గుర్తుగా సీసపు అక్షరం పెట్టి ఫొటో తీయడం మూడోది. అది మరిచిపోతే ఫిల్మును తిప్పి చూసి, బాగున్న వైపును దెబ్బతిన్న వైపు అనుకునే ప్రమాదం ఉంది.

ఈ రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో ఫిల్ము కడగడం, ఆరబెట్టడం పోయాయి. చిత్రం కంప్యూటరు ద్వారా నేరుగా డాక్టరుకు చేరుతుంది. రకరకాల కంపెనీల యంత్రాలు ఒకే భాష మాట్లాడేందుకు అమెరికాలో 1985లో ఉమ్మడి నియమాలు ఏర్పరిచారు. 1993 నుండి వాటికి డైకామ్ అని పేరు. రోగి పేరు, సంఖ్య, తేదీ కూడా చిత్రంతోపాటే ప్రయాణిస్తాయి. అయినా చూసే మనిషికి తీరిక లేకపోతే చిత్రం కంప్యూటరులోనే పడి ఉంటుంది.

అన్నిటికన్నా గొప్ప పొదుపు అక్కరలేని ఫొటో తీయకపోవడం. మా కుర్రవాడికి ముందు కావలసింది టార్చిలైటు. వాడు వరుసలో నిలబడిన ఆరు గంటలూ వాడికి నష్టమే. వాడి ఫిల్ము పట్టిన సమయం వెనకనున్న మరెవరికో నష్టం.

మీరు గుర్తుంచుకోవలసినవి

ముక్కు నుండి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. కూర్చుని కొంచెం ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. నోటితో గాలి పీల్చండి. దెబ్బ తగిలాక ముక్కు మూసుకుపోతున్నా, నొప్పి పెరుగుతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. “ముక్కు లోపల ఒకసారి చూడండి డాక్టరుగారూ” అని అడగడానికి సిగ్గుపడకండి. నీళ్ళలాంటి ద్రవం కారినా, చూపు మసకబారినా, స్పృహ తప్పినా క్షణం ఆలస్యం చేయరాదు.

అభ్యాసం

1. చెవి డొప్ప లోపల రక్తం గడ్డకట్టినా వెంటనే తీయాలంటారు. ఎందుకు?
2. కవాస్జీ నుదుటి చర్మాన్ని తొడిమ కూడా కోసి అతికి ఉంటే ఏమయ్యేది?
3. మీ బడిలో మధ్యాహ్న భోజనం వరుసను వారం రోజులు గమనించండి. ఇరుకు ఎక్కడ ఉంది? గరిటెలు పెంచాలా, పళ్ళేలు కడిగే కుళాయిలు పెంచాలా? లెక్క కట్టి మీ మాస్టారికి చూపండి.