స్వేచ్ఛా సాఫ్టువేరు - విమర్శకుని ధర్మము

ప్రతిదినమును పత్రికలలో యంత్రవిద్యకు సంబంధించిన వార్తలు వెలువడుచున్నవి. క్రొత్త ఫోను వచ్చినదనియు, ఫలానా సాఫ్టువేరులో దోషము బయల్పడినదనియు వినినంతనే పలువురు పలువిధములుగా తీర్పు చెప్పుదురు. ఒకడు "ఉచితముగా దొరకునది మంచిది కానేరదు" అనును. మఱియొకడు "వెల పుచ్చుకొని అమ్మునదంతయు మోసమే" అనును. ఈ రెండు మాటలును వినుటకు గట్టిగా నుండును గాని, రెంటికిని ఆధారము చూపువారు అరుదు. ఇట్టి విషయములందు విద్యార్థులు తమ అభిప్రాయమును ఎట్లు ఏర్పఱచుకొనవలెనో, ఎట్లు వెల్లడింపవలెనో ఈ వ్యాసమునందు వివరింప దలచితిమి. తలిదండ్రులు దీనిని తమ బిడ్డలతో కలిసి చదివినచో మేము సంతసింతుము.

మొదట పదముల అర్థము తెలిసికొనవలెను. కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయమే సాఫ్టువేరు. దానిని రచించువారు మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. ఆ వ్రాతకు సోర్సు కోడు, అనగా మూలలేఖనము, అని పేరు. సాధారణముగా ఆ వ్రాత యంత్రమునకు మాత్రమే అర్థమగు అంకెల రూపములోనికి మార్చబడును. అనేక సంస్థలు ఈ అంకెల రూపమును మాత్రమే మనకిచ్చి, మూలలేఖనమును తమ యొద్దనే దాచుకొనును. మఱికొందఱు మూలలేఖనమును గూడ బహిరంగముగా నుంచి, ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పరులకు పంచవచ్చును అని అనుమతి వ్రాసి యిత్తురు. ఇట్టిదానినే స్వేచ్ఛా సాఫ్టువేరు అనియు, ఓపెన్ సోర్సు అనియు అందురు.

మన ప్రాంతపు ఉదాహరణము ఒకటి చెప్పుదుము. సిరిసిల్లలో మరమగ్గము చెడిపోయినచో ఊరిలోని మేస్త్రీ దానిని విప్పి, అరిగిన భాగమును తీసి, క్రొత్తది వేసి నడుపును. మగ్గమును అమ్మినవాడు దాని మూతకు తాళము వేసి, తాళపుచెవి తనయొద్దనే యుంచుకొనెనని తలపుడు. అప్పుడు నేతగాడు ఆ అమ్మినవాడు వచ్చునంతవరకు పని మానుకొని కూర్చుండవలసినదే. మగ్గము తనదే, వెల తానే యిచ్చెను, అయినను బాగుచేయు హక్కు తనది కాదు. మూలలేఖనము దాచబడిన సాఫ్టువేరు విషయమున మన స్థితి ఇట్టిదే. కాగా మూత తెరచియున్న మగ్గము తనంతట తాను బాగుపడదు. విప్పి చూచు మేస్త్రీ ఉండవలెను. ఈ రెండవ మాటను చాలమంది మరచిపోవుదురు.

ఈ ఉద్యమపు చరిత్రము దీర్ఘమైనది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రిచర్డ్ స్టాల్మన్ అను పండితుడు పనిచేయుచుండెను. అచ్చటి ముద్రణయంత్రమున కాగితము చిక్కుకొనినపుడు ఆ సంగతి అందఱికిని తెలియునట్లు సాఫ్టువేరును సవరింప దలచి మూలలేఖనమును కోరగా, అది ఆయనకు లభింపలేదు. చిన్న అసౌకర్యమే యైనను అది ఆయనకు పెద్ద ప్రశ్నగా తోచెను. ఆయన 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి, 1985లో స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థను స్థాపించి, 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రమును వెలువరించెను. దాని ప్రధాన నియమమిది: నీవు పొందిన స్వేచ్ఛను, నీవు మార్చి పంచునపుడు, తరువాతి వానికిని ఇయ్యవలెను. 1991లో ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. నాటికి ఆయన వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. నేడు ఆండ్రాయిడు ఫోనులన్నిటికిని మూలాధారము ఆ లినక్సే.

ఇక అభిప్రాయభేదము మాట. 1992 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ లినక్సు నిర్మాణము కాలము చెల్లినదని బహిరంగముగా విమర్శించెను. టోర్వాల్డ్స్ కఠినముగా ప్రత్యుత్తరమిచ్చి, మఱునాడే తన మాటల తీరునకు క్షమాపణము చెప్పుకొనెను. ఆచార్యుని విమర్శలో నిర్మాణశాస్త్రమునకు సంబంధించిన బలమైన హేతువులు కలవు. అయినను వ్యాప్తిలో గెలిచినది లినక్సే. ఇందులకు ముఖ్య కారణములలో నొకటి అనుమతిపత్రము. ఆచార్యుడు బోధనార్థము 1987లో వెలువరించిన మినిక్సు మూలలేఖనమును విద్యార్థులు చదువగలిగిరి గాని, దానిని మార్చి స్వేచ్ఛగా పంచుటకు అప్పటికి అనుమతి లేకుండెను. లినక్సు 1992లో జీపీఎల్ క్రిందికి వచ్చెను. చదువనిచ్చుట వేఱు, మార్చనిచ్చుట వేఱు. మినిక్సు సయితము వ్యర్థము కాలేదు. ఇంటెల్ సంస్థవారి చిప్పులలో అది లోలోపల పనిచేయుచున్నదని 2017లో లోకమునకు తెలిసెను. కాబట్టి ఆనాటి వాదమున ఎవరు గెలిచిరను ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము లేదు. ఇరువురును హేతువులు చూపిరి గనుకనే ఆ వాదము నేటికిని చదువదగినదై యున్నది.

ఈ చర్చ దూరదేశములదని మన విద్యార్థులు తలపరాదు. దీనిలో మన అక్షరముల సంగతి ఇమిడియున్నది. పూర్వము కంప్యూటరుపై తెలుగు వ్రాయువారు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను అమర్చుకొనెడివారు. ఆ సంస్థవారి ఫాంటు లేని యంత్రమున ఆ వ్రాత అర్థము లేని గుర్తుల గుంపుగా కనబడెడిది. ఒక ఊరి పత్రిక, ఒక పాఠశాల సంచిక, ఒక తండ్రి వ్రాసికొనిన జ్ఞాపకములు, ఏవైనను ఆ ఫాంటుతోడనే బ్రతికి ఆ ఫాంటుతోడనే నశించుచుండెను. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణము ప్రతి తెలుగు అక్షరమునకు లోకమంతటను చెల్లు ఒకే సంఖ్యను కేటాయించెను. ప్రమాణము వచ్చినంత మాత్రమున పని ముగియలేదు. పోతన, వేమన అను పేరులతో తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రచించిన ఫాంటులు స్వేచ్ఛా అనుమతితో లభించెను. పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోనికి మార్చు పద్మ అను ఉపకరణమును వెన్న నాగార్జునగారు నిర్మించిరి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమయ్యెను. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు గ్నూ/లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు శ్రమించిరి. నేడు మనము ఫోనులో తెలుగున ఒక వాక్యము వ్రాయగలుగుటకు వెనుక ఇట్టి అనేకుల శ్రమ కలదు.

2018 ఫిబ్రవరిలో జరిగిన యొక సంగతి ఈ విషయమును చక్కగా బోధించును. జకారము, ఞకారము, ఆకారము అను వాని నడుమ కంటికి కనబడని యొక గుర్తు చేరగా ఏర్పడు "జ్ఞా" రూపము తెరపై పడినంతనే ఆపిల్ సంస్థవారి ఫోనులలోని ఉపకరణములు నిలిచిపోవుచుండెను. ఇట్టి వార్త వినినపుడు తెలుగు లిపి మిక్కిలి క్లిష్టమైనదని లిపినే నిందించుట సులభము. దోషము లిపిది కాదు. అక్షరములను కూర్చు సాఫ్టువేరు ఆ వరుసను సరిగా ఎదుర్కొనలేకపోయెను. ఆ భాగపు మూలలేఖనము బయటివారికి అందుబాటులో లేదు గనుక, తెలుగు బాగుగా తెలిసిన నిపుణుడైనను చేయి చేసికొనుటకు వీలులేకపోయెను. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థయే సవరణ విడుదల చేయువరకు అందఱును వేచియుండిరి.

దీనిని చూపి తెరచిన సాఫ్టువేరులో దోషములే యుండవని వాదించువారు మఱియొక సంగతి వినవలెను. వ్యాపారములు, ఉత్తరములు, బ్యాంకు లెక్కలు రహస్యముగా సాగుటకు లోకమున సగము వాడుకొను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను సాఫ్టువేరు మూలలేఖనము అందఱికిని తెరచియే యుండెను. అయినను 2012లో దానియందు చొచ్చిన "హార్ట్‌బ్లీడ్" అను ఘోరదోషము 2014 ఏప్రిల్ వరకు లోకమునకు తెలియలేదు. వాడువారు కోట్లకొలది, సంరక్షించువారు కొలదిమంది. ఆ పిమ్మటనే పెద్ద సంస్థలు కలిసి ఇట్టి పనులకు ధనము సమకూర్చుటకు పూనుకొనెను. తలుపు తెరచియుండుట మేలే గాని, లోనికి వచ్చి చూచువాడు లేనిచో తెరచిన తలుపు వలన ప్రయోజనము లేదు.

ఇపుడు మన ఆదిలాబాదు వైపు చూతము. ఆ జిల్లాలో గోండుల మాతృభాష గోండి. 1943లో హైమెన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణము ఆరంభించినపుడు, గోండి వాచకములు దేవనాగరి లిపిలో అచ్చయ్యెను. తరువాతి కాలమున నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండి భాషకే చెందిన వేఱొక లిపిలో వ్రాసిన ప్రతులు లభించెను. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారు వానిని పరిశోధించి లోకమునకు తెలిపిరి. 2018 జూన్ నెలలో వెలువడిన యూనికోడు 11వ కూర్పునందు గుంజాల గోండి లిపికి స్థానము లభించెను. నోటో అను పేరుగల ఫాంటుల వరుసలో ఆ లిపికిని ఫాంటు కలదు. అది ఎవరైనను ఉచితముగా గైకొని మార్చుకొనదగిన అనుమతితో నున్నది.

లాభమే కొలమానమైనచో, ఒక గ్రామపు పేరు ధరించిన లిపికి ఫాంటు చేయుమని ఏ వ్యాపారి ముందుకు వచ్చును? తెరచిన ప్రమాణము, తెరచిన ఫాంటు ఉండుటచేతనే ఈ కార్యము సాధ్యమయ్యెను. ఇంకను చేయవలసినది చాల కలదు. ఆ అక్షరములను సులభముగా కొట్టుటకు కీబోర్డులు, తప్పులు దిద్దు ఉపకరణములు, పిల్లల పాఠములు కావలెను. వీనిని ఎవరో వచ్చి చేయుదురని కూర్చుండినచో గోండు బాలుడు బడిలో తన భాషను తెరపై చూడకయే పెద్దవాడగును. ఈ పనికి మూలము తెరచియున్నది గనుక, రేపు ఉట్నూరులోనో ఆసిఫాబాదులోనో చదువుకొనిన గోండు యువకుడే ఎవరి అనుమతియు అడుగకుండ దీనిని చేపట్టవచ్చును.

విద్యార్థులారా, పై విషయములనుండి విమర్శకుడు పాటింపవలసిన నియమములను కొన్నిటిని కూర్చి చెప్పుచున్నాము.

మొదటిది, చూచినదానిని చూచినట్లు చెప్పుడు. "ఇందులో తెలుగు సరిగా రాదు" అనుట ఫిర్యాదు మాత్రమే. "ఈ ఫోనులో, ఈ కూర్పులో, ఈ ఫాంటుతో 'లక్ష్మి' అను పదమున మకారపు వత్తు విడిపోవుచున్నది" అనుట ఉపకారము. మొదటి మాటతో ఎవడును ఏమియు చేయలేడు. రెండవ మాటతో సవరించువాడు ఆ దినమే పని మొదలుపెట్టగలడు.

రెండవది, వెలను స్వేచ్ఛను కలిపివేయకుడు. వెల లేకుండ లభించుచు మూలలేఖనము దాచబడిన సాఫ్టువేరు కలదు. తెరచిన సాఫ్టువేరుతో జీతములు పొంది గౌరవముగా జీవించు వారును కలరు. కాబట్టి "ఎంత?" అని అడుగుటతో నిలువక, "దీనిని చదువవచ్చునా? మార్చవచ్చునా? పంచవచ్చునా?" అని అడుగుడు. కేరళ రాష్ట్రమున 2001లో ఆరంభమైన ఐటీ@స్కూల్ ప్రణాళికవారు ఈ ప్రశ్నలనే ఆలోచించి, క్రమముగా పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్టువేరువైపు మరల్చిరి.

మూడవది, పనిని విమర్శింపుడు, మనిషిని దూషింపకుడు. టోర్వాల్డ్స్ తన తోటివారిని కటువుగా మందలించుటకు పేరుపొందినవాడు. ఆయనయే 2018 సెప్టెంబరులో తన మాటలు పలువురిని నొప్పించినవని ఒప్పుకొని క్షమాపణము చెప్పి, కొన్నాళ్లు పనినుండి తొలగియుండెను. లినక్సు కర్తలకును నడవడి నియమములు ఏర్పడెను. అంతటి నిపుణునికి తగని దురుసుతనము మనకు తగునా?

నాలుగవది, విమర్శతోపాటు పిసరంత పనియు సమర్పింపుడు. పదునాలుగేండ్ల బాలిక యైనను ఒక ఉపకరణములోని ఇంగ్లీషు పదమునకు మంచి తెలుగు మాట సూచింపగలదు. తన ఊరి చెరువును గూర్చి, జాతరను గూర్చి తెలుగు వికీపీడియాలో ఆధారముతో ఒక పుట వ్రాయగలదు. గోండి తెలిసిన బాలుడు తన అవ్వ నోట వినిన మాటలను వరుసగా వ్రాసి యుంచగలడు. రేపటి నిఘంటువునకు అవియే పునాదిరాళ్లు.

తలిదండ్రులకు ఒక మనవి. బిడ్డలు ఫోనును చూచుచు కాలము గడుపుచున్నారని మీరు విచారించుట న్యాయమే. ఆ విచారముతోపాటు "దానిని చేసినదెవరు? లోపల ఏమున్నది? బాగుచేయు హక్కు మనకున్నదా?" అని వారిని అడిగి చూడుడు. సమాధానము తెలియనిచో తెలిసికొని రమ్మనుడు. ప్రశ్న అడిగిన యింట వాడుకరి మాత్రమే గాక కర్తయు పెరుగును.

అక్షరము మనకు తాతముత్తాతలు ఇచ్చిన సొత్తు. తెరపై ఆ అక్షరము నిలుచుటయో చెదరుటయో నేడు సాఫ్టువేరు చేతిలో నున్నది. ఆ సాఫ్టువేరు తలుపు తెరచియున్నచోట లోనికి పోయి పనిచేయుట మన విధి. మూసియున్నచోట మర్యాదతోను ఆధారముతోను తెరువుమని అడుగుట మన హక్కు.