సోర్స్ నుంచి లైబ్రరీ కట్టుకోవడం: మూడు కంప్యూటర్లలో మా అనుభవం

వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ మీద ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. ‘కంప్యూటర్ వల్ల లాభాలు’ అని రాస్తే ఎవరూ చదవరు. అందుకే ఎం.సి.ఎ. చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో మేము వారం రోజులు చిక్కుకున్న ఒక పనినే పాఠంగా రాస్తున్నాం. డిగ్రీలోనో, పాలిటెక్నిక్‌లోనో కంప్యూటర్స్ చదివే మన హాస్టల్ విద్యార్థులకు ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాశాం. కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టాలి సుమా!

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఎవరో ఒకసారి బాగా రాసిపెట్టిన ఫంక్షన్ల మూట. అది తనంతట తాను నడవదు, మన ప్రోగ్రామ్ పిలిస్తే పలుకుతుంది. మేము చెప్పబోయేది జెడ్‌లిబ్ గురించి. సమాచారాన్ని కుదించి, మళ్లీ యథాతథంగా విప్పే లైబ్రరీ ఇది. ఝాన్-లూ గాయీ కుదించే భాగాన్ని, మార్క్ ఆడ్లర్ విప్పే భాగాన్ని రాశారు. 1995లో బయటికి వచ్చింది. పీఎన్‌జీ బొమ్మ తెరవాలన్నా దీని పనితనమే కావాలి. సోర్స్ ప్యాకెట్ సుమారు ఒకటిన్నర మెగాబైట్లు, అంతే.

తయారుగా దొరికేదాన్ని వదిలి సోర్స్ నుంచి ఎందుకు కట్టుకోవాలి? మనకు యూనిఫాం ఇచ్చే పద్ధతి గుర్తు చేసుకోండి. కుట్టిన జతలు వచ్చిన ఏడాది సగం మందికి భుజాలు జారాయి, మిగతా సగానికి గుండీలు పట్టలేదు. గుడ్డ ఇచ్చిన ఏడాది దర్జీ ఒక్కొక్కరి కొలత తీసి కుట్టాడు. సోర్స్ కోడ్ ఆ గుడ్డ. ‘డాట్ స్లాష్ కాన్ఫిగర్’ అనే కమాండ్ కొలత తీస్తుంది: ఈ కంప్యూటర్‌లో ఏ కంపైలర్ ఉంది, ఏ సౌకర్యాలున్నాయి అని. ‘మేక్’ కుడుతుంది. ‘మేక్ టెస్ట్’ ఒకసారి తొడిగి చూస్తుంది. ‘మేక్ ఇన్‌స్టాల్’ మడతపెట్టి ట్రంకు పెట్టెలో పెడుతుంది.

ఇక మా కథ. మా ప్రోగ్రామ్ పీఎన్‌జీ బొమ్మలను చదవాలి. ల్యాబ్‌లో ఉబుంటు కంప్యూటర్లు. కంపైల్ చేయగానే ‘జెడ్‌లిబ్ డాట్ హెచ్ లేదు’ అంది. విచిత్రమేమంటే లైబ్రరీ ఆ కంప్యూటర్‌లో ఉంది! తయారైన ప్రోగ్రాములను నడపడానికి అది చాలు. కొత్త ప్రోగ్రామ్ రాయడానికి కావలసిన హెడర్ ఫైలు మాత్రం వేరే ప్యాకేజీలో వస్తుంది. దాన్ని వేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అడిగితే “స్టూడెంట్స్‌కి ఇవ్వం” అన్నారు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు వారమే ఉంది. మా ఇళ్లలో మాకు ముందు డిగ్రీ గడప తొక్కినవాళ్లు లేరు. ఇలాంటప్పుడు ఫోన్ చేసి అడిగేందుకు మామయ్యలు, బావలు మాకు లేరు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఈ చదువు మనకు రాదేమో అనిపించేది.

నెట్ సెంటర్‌లో 2024 జనవరి నాటి 1.3.1 వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని వచ్చాం. పెన్‌డ్రైవ్ మీదే విప్పి కాన్ఫిగర్ కొట్టాం. ‘పర్మిషన్ డినైడ్’ అంది. ఇది కూడా అడ్మిన్ గొడవే అనుకుని ఒక పూట పోగొట్టుకున్నాం. తర్వాత ముందు ‘ఎస్‌హెచ్’ చేర్చి ‘ఎస్‌హెచ్ కాన్ఫిగర్’ అని కొడితే నడిచింది. మేక్ చాలా దూరం వెళ్లి మళ్లీ ఆగింది. చివరి వరసలో ‘ఎర్రర్ 1’ అని మాత్రమే ఉంది. ఆ వరసను పది సార్లు చదివినా ఏమీ తెలియలేదు. రెండు వరసలు పైకి చూస్తే అసలు సంగతి ఉంది: సింబాలిక్ లింకు తయారు చేయలేకపోయిందట.

కారణం పెన్‌డ్రైవే. మన పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటాయి. ఏ ఫైలును నడపవచ్చు అనే లైనక్స్ గుర్తును ఫ్యాట్ దాచుకోలేదు. ఒక ఫైలుకు మారుపేరుగా పనిచేసే లింకునూ ఉంచుకోలేదు. జెడ్‌లిబ్‌కేమో అసలు ఫైలుతోపాటు అలాంటి మారుపేర్లు రెండు కావాలి. రెండు ఎర్రర్లకూ మూలం ఒకటే. ప్యాకెట్‌ను హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ కొత్తగా విప్పితే అన్నీ సాఫీగా జరిగాయి. మేక్ టెస్ట్ కూడా ఓకే అంది. ఆ టెస్టులో లోకమంతా వాడే ‘హలో వరల్డ్’కు బదులు ‘హలో, హలో’ అని ఉంటుంది. మాట రెండుసార్లు వస్తే కుదింపుకు మంచి పరీక్ష అని, రాసినవాళ్లు కోడ్‌లోనే సంజాయిషీ చెప్పుకున్నారు. అది చదివి మేము నవ్వుకున్నాం. ఇంత పేరున్న కోడ్ రాసిందీ మనలాంటి మనుషులే కదా అనిపించింది.

ట్రంకు పెట్టె సంగతి. మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది ‘యూఎస్‌ఆర్ లోకల్’ అనే అందరి ఫోల్డర్‌లోకి. దానికి మళ్లీ అడ్మిన్ కావాలి. కాన్ఫిగర్ పక్కన ‘ప్రిఫిక్స్’ అని చేర్చి మన హోమ్‌లో ఒక ఫోల్డర్ చూపిస్తే ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. కంపైల్ చేసేటప్పుడు హెడర్ ఎక్కడుందో ‘మైనస్ పెద్ద ఐ’తో, లైబ్రరీ ఎక్కడుందో ‘మైనస్ పెద్ద ఎల్’తో చెప్పాలి. చెప్పాం. ప్రోగ్రామ్ నడిచింది. గెలిచామనుకున్నాం.

వెర్షన్ అడిగి చూస్తే లోపలి నుంచి 1.2.11 అని పలికింది! కుట్టుకున్నది ఒకటి, తొడుక్కున్నది ఇంకొకటి. కంపైల్ చేసేటప్పుడు మేము చూపించిన చోటు, నడిపేటప్పుడు లైనక్స్‌కు గుర్తుండదు. అది తన మామూలు జాబితాలో వెతికి ల్యాబ్ వాళ్ల పాత లైబ్రరీని తెచ్చుకుంది. జెడ్‌లిబ్ వెర్షన్‌లో మొదటి అంకెను మాత్రమే సరిచూసుకుంటుంది కాబట్టి గొడవ చేయలేదు. ‘ఎల్‌డీడీ’ అనే కమాండ్‌తో ఏ ఫైలు వాడుతోందో చూడవచ్చు. ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ అనే వేరియబుల్‌లో మా ఫోల్డర్ పేరు పెట్టాక 1.3.1 పలికింది.

అప్పుడే మాకు ఒక సంగతి అర్థమైంది. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య అసలు తేడా కుట్టడంలో కాదు, నడిచేటప్పుడు లైబ్రరీని ఎక్కడ వెతుకుతాయి అనే దగ్గర ఉంది.

విండోస్ లాప్‌టాప్ మా రూమ్మేట్‌ది. కాన్ఫిగర్ అనేది యూనిక్స్ షెల్‌కు రాసిన స్క్రిప్టు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ భాష రాదు. జెడ్‌లిబ్ వాళ్లు ‘విన్32’ ఫోల్డర్‌లో వేరే మేక్‌ఫైల్ ఇచ్చారు. విజువల్ స్టూడియో ఉంటే ‘ఎన్‌మేక్’తో దాన్ని నడపాలి. మేము డెవలపర్ ప్రాంప్ట్ తెరిచి నడిపాం. అది మామూలుగా 32 బిట్లకు కుడుతుంది, మా ప్రోగ్రామేమో 64. లింకర్ ఒప్పుకోలేదు. 64 బిట్ల ప్రాంప్ట్ స్టార్ట్ మెనూలో విడిగా ఉంది. పాత ఫైళ్లు తుడిచి అక్కడ మళ్లీ కట్టాం. తయారైన ‘జెడ్‌లిబ్1 డాట్ డీఎల్ఎల్’ను ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెడితే చాలు, విండోస్ తన పక్కనే వెతుక్కుంటుంది. ఈ ఒక్క విషయంలో విండోసే నయం.

మ్యాక్ మీద ఒక్క సాయంత్రమే పనిచేశాం, అదీ అరువు తెచ్చుకున్నది. మేక్ కొట్టగానే ముందు డెవలపర్ టూల్స్ దించుకోమంది. తర్వాత కమాండ్లన్నీ లైనక్స్‌లో కొట్టినవే. ఫైలు చివర ‘ఎస్‌ఓ’ బదులు ‘డైలిబ్’ ఉంటుంది, ఎల్‌డీడీ బదులు ‘ఓటూల్ మైనస్ ఎల్’ కొట్టాలి. లైబ్రరీ కట్టేటప్పుడే తన పూర్తి చిరునామా తనలో రాసుకుంటుంది, ప్రోగ్రామ్ ఆ చిరునామానే పట్టుకుని పోతుంది. ఫోల్డర్ పేరు మార్చి చూశాం. వెంటనే ఆగిపోయింది.

ప్రాజెక్టు గడువుకు ఒక రోజు ముందు ఇచ్చాం. వైవాలో ఈ సంగతులేవీ అడగలేదు.

ఆ 1.3.1 ప్యాకెట్‌ను మన హాస్టల్ కంప్యూటర్‌లో కూడా పెట్టి వచ్చాం. నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు ముందు దాన్ని హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని విప్పండి. ప్రిఫిక్స్ మరచిపోకండి. చెడిపోతే ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎర్రర్ వస్తే పైనుంచి మొదటిది ఒక కాగితం మీద రాసి ఉంచండి. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.