బెల్టు చెప్పే గుట్టు

శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. నిజామాబాదు, బోధన్‌ల నడుమ కార్ల రాకపోకలు మాత్రం ఆగలేదు. ఇంజను ముందు తిరిగే పుల్లీ బావిగిలకకు దగ్గరి చుట్టమే. దానిపై బెల్టు కీచుమనగానే కొత్తది కొనడం తొందరపాటు. ఇంజను నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, బెల్టు గాడుల వైపు కొద్దిగా నీరు చిమ్మాలి. చప్పుడు క్షణకాలం అణగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవన్నమాట. హెచ్చితే బెల్టు బిగువు చాలక జారుతున్నది. ఇంజను ఆపి, బెల్టు విప్పి, పుల్లీని చేతితో తిప్పినపుడు గరగరలాడితే దోషం బేరింగుది. పగుళ్ళు, ఊడిన పోగులు కనిపిస్తే బెల్టు మార్చక తప్పదు. ఉపేక్షిస్తే ఏ చెరకుతోటల నడుమనో అది తెగుతుంది. బ్యాటరీకి విద్యుత్తు అందదు. నీటిపంపు సైతం ఆ బెల్టుతోనే తిరిగే కార్లలో ఇంజను నిమిషాలలో కాగిపోతుంది.