గోడ మూసేముందు

బిడ్డా,

వినాయక్‌నగర్ ఇంటి ఫోటోలు మీ అమ్మ పంపింది. ఇల్లు కళకళలాడుతోంది. మీ పెద్దమ్మ వాడకట్టంతా తిప్పి చూపించింది. కానీ హాలు మూలన వేలాడుతున్న ఆ సన్నటి వైరు చూసినప్పటి నుంచి మీ పెద్దనాయినకు మనసు నిలవడం లేదు. సీలింగ్‌లో నాలుగు స్పీకర్లు, టీవీ గోడలో రెండు పెట్టిస్తున్నావట. వచ్చే వారం ఫాల్‌సీలింగ్ వాళ్లు బోర్డులు బిగిస్తారట. స్పీకర్ల గురించి పేజీ నిండా రాశావు. వైరు దగ్గర మాత్రం "షాపాయన ఇచ్చాడు" అన్న ఒక్క ముక్కే ఉంది.

స్పీకరు నచ్చకపోతే విప్పి వేరేది పెట్టుకుంటారు. ప్లాస్టరింగ్ వెనక్కి పోయిన వైరు మార్చాలంటే సుత్తె తీయాలి. అందుకే ఈ ఉత్తరంలో సగం వైరు గురించే ఉంటుంది, విసుక్కోకుండా చదువు తల్లీ.

రాగి పూత పూసిన అల్యూమినియం వైరు బజారులో బాగా నడుస్తోంది. పైకి అచ్చం రాగిలాగే ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. చుట్ట ఎత్తి చూసినా తెలిసిపోతుంది, అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతు కూడా ఉండదు. అదే మందంలో దాని నిరోధం మాత్రం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మీ ఆంప్లిఫయర్ నుంచి దూరపు స్పీకరుకు పైపు దారిన 20 మీటర్లు అనుకుందాం. పోయిరావడానికి 40 మీటర్ల తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే నిరోధం అర ఓము దాటుతుంది, 2.5 అయితే 0.32. ఎనిమిది ఓముల స్పీకరుకు వైరు నిరోధం అందులో ఐదు శాతం, అంటే 0.4 ఓము మించకూడదని పనివాళ్ల లెక్క. కాబట్టి ఐఎస్ఐ గుర్తున్న 2.5 రాగి వైరు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. నాలుగు ఓముల స్పీకర్లయితే 4 చదరపు మిల్లీమీటర్లకు పోవాలి.

మీ పెద్దనాయిన కుర్రతనంలో బోధన్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు మైకు సెట్టు పనికి పోయేవాడు. వేపచెట్టుకు ఒక బూర, ఊరి చివర ఇంకో బూర. అంత దూరం సన్నటి తీగ మీదే పాట ఎలా పోయేదంటే, మైకు సెట్టు ఉస్తాదు 100 వోల్టుల లైను వాడేవాడు. ఒక్కో బూరకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్. వోల్టేజీ పెంచితే కరెంటు తగ్గుతుంది, దారిలో నష్టమూ తగ్గుతుంది. ఫంక్షన్ హాళ్లలో ఈనాటికీ అదే పద్ధతి. ఇంట్లో ఆ వెసులుబాటు ఉండదు, తీగ మందమే దిక్కు.

జాయింటు సంగతి ఆ ఉస్తాదు దగ్గర నేర్చుకున్నదే. సీజనులో ఆయన షక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో వైరింగ్ చూసేవాడు. 1937లో పుట్టి, 2015 డిసెంబరులో ఆగిపోయిన ఆ ఫ్యాక్టరీ దారిన పోతే ఇప్పటికీ పెద్దనాయినకు కాళ్లు ముందుకు పడవు. ఆవిరి, బెల్లపు మడ్డి, తేమ. అలాంటిచోట చెయ్యి అందని జాయింటు ఒక్కటి కూడా ఆయన ఉండనిచ్చేవాడు కాదు. తేమ తగిలితే రాగి పచ్చటి చిలుము పడుతుంది. రాగికి అల్యూమినియం కలిపిన చోట ఇంకా త్వరగా తినేస్తుంది. గోడలో టేపు చుట్టి మూసిన జాయింటు ఏ వానాకాలమో గరగరలాడితే, ఎక్కడుందో వెతకడం ఎవరి వల్లా కాదు. అందుకని ఒక్కో స్పీకరుకు ఆంప్లిఫయర్ నుంచి ఒకే తుండు, మధ్యలో అతుకు లేకుండా. 25 మిల్లీమీటర్ల పైపు, రెండు కొసల్లో మీటరు చొప్పున అదనపు వైరు, తర్వాత వైరు లాగడానికి పైపులో ఒక ఖాళీ తాడు. 230 వోల్టుల వైరు అదే పైపులో వేయనివ్వకు, పక్కపక్కన పోతే అడుగు దూరం. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ కొలటేపు ఆనించి ఫోటో తీసుకో. అలసిపోయి ఉంటావు, నీకు కుదరకపోతే మీ తమ్ముడికి చెప్పు.

ఇక స్పీకరు వెనక ఉండాల్సిన డబ్బా. కోను ముందు వైపు గాలిని నెట్టినప్పుడు వెనక వైపు లాగుతుంది, ఆ రెండూ కలిస్తే బరువైన స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. 1925లో రైస్, కెల్లాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు నేటి తరహా స్పీకరు చేసినప్పుడే దాన్ని పలకకు బిగించింది అందుకే. 1954లో ఎడ్గర్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడాడు. సీలింగ్ పైన డబ్బా లేకుండా వదిలేస్తే చప్పుడు పక్క బెడ్‌రూమ్‌లోకి పోతుంది, దుమ్ము రాలుతుంది, ఎలుకలు చేరతాయి. ఎన్ని లీటర్ల డబ్బా కావాలో స్పీకరు కాగితంలో ఉంటుంది, అంతకంటే చిన్నదైతే బేస్ పలచబడుతుంది. వడ్రంగి బయటి కొలత పడతాడు, జాగ్రత్త. బయట 45, 30, 15 సెంటీమీటర్లంటే 20 లీటర్లనుకుంటాం. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మందం తీసేస్తే లోపల మిగిలేది 15 లీటర్లకూ తక్కువే. అతుకులకు, వైరు రంధ్రానికి సిలికాన్ పట్టించాలి. లోపల పాలిస్టర్ దూది వదులుగా, కోనుకు తగలకుండా. డబ్బా బరువు జిప్సమ్ బోర్డు మీద పడకూడదు, స్లాబుకు యాంకర్ బోల్టులు కొట్టి రాడ్లతో వేలాడదీయాలి.

టీవీ గోడ నాలుగున్నర అంగుళాల ఇటుకది కదా, దాన్ని తొలవనివ్వకు. ముందుకు చెక్క ఫ్రేము కట్టి అందులో పెట్టించు. పిల్లరు, బీము జోలికి అసలే పోవద్దు.

శుక్రవారం పొద్దున బస్సుకు మీ పెద్దనాయిన నిరోధం కొలిచే మీటరు పట్టుకొని వస్తున్నాడు. స్పీకరు కొసన రెండు తీగలు కలిపి, ఇటు నుంచి కొలుస్తాడు. ముందు మీటరు పుల్లలు రెండూ ఆనించి వాటి నిరోధం చూసి తీసేయాలి. అంతదాకా బోర్డులు ఆపించు. మీ పెద్దమ్మ సకినాలు కట్టిస్తోంది, పొద్దున టిఫిన్ మానేసి సైటుకు పరిగెత్తకు.

మీ పెద్దనాయిన,
బోధన్