యంత్రాన్ని దారి తప్పించే గుర్తులు

ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నప్పుడు, ఇంటిపేరు వ్రాయని ఉత్తరం ముందుగా ఎదురైన ఇంటికే చేరుతుంది. లోహాన్ని తొలిచే యంత్రాలను కంప్యూటరుతో నడిపే ప్రోగ్రాములలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. నేను రసాయన శాస్త్రజ్ఞుడను. అయినా నా ప్రయోగాలకు కావలసిన పీడనపాత్రల భాగాలు వర్క్‌షాపులో తయారు కావలసినవే కనుక, ఈ పాఠాన్ని నష్టపడి నేర్చుకొన్నాను.

అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రదర్శించారు. ఇటువంటి యంత్రాల ప్రోగ్రాములలో ఒకే పనిని పదేపదే చేయించడానికి ఆదేశాలన్నిటినీ మరల మరల వ్రాయనక్కరలేదు. మొదటి ఆదేశానికి ఒక గుర్తు పెట్టి, చివర "ఆ గుర్తుకు మరలిపో" అంటే చాలు. దీనినే లూపు అంటారు.

ఒక ఉక్కు ఫ్లాంజిపై రెండు వలయాలలో, 45 డిగ్రీలకొకటి చొప్పున, ఎనిమిదేసి రంధ్రాలు తొలవాలి. వెలుపలి వలయానికి లూపు వ్రాసి, దాని గుర్తు 100 అని పెట్టాను. లోపలి వలయానికి అదే భాగాన్ని నకలు చేసి, వ్యాసార్ధం మాత్రం మార్చాను. గుర్తు మార్చడం మరచాను.

మా కంట్రోలు గుర్తును ముందు దిశలో వెదకి, దొరకకుంటే మొదటినుంచి వెదకుతుంది. కనుక వెలుపల ఒక రంధ్రం కాగానే లోపలి 100కు దూకింది. అక్కడ ఒకటి తొలిచి, ముందు మరో 100 లేనందున మొదటి 100కు మరలింది. లెక్కపెట్టే చలరాశి ఎనిమిదికి చేరగానే పని ముగిసింది. పదహారు కావలసినచోట వెలుపల నాలుగు, లోపల నాలుగు! హెచ్చరిక ఏదీ రాలేదు. ఏ ఆదేశంలోనూ వ్యాకరణ దోషం లేదు మరి. రెండు రోజులు శ్రమించి నునుపు చేసిన ఫ్లాంజి పనికిరాకుండా పోయింది. తప్పు పూర్తిగా నాదే.

నివారణోపాయాలు నాలుగు:

1. ప్రతి లూపుకూ వేరే గుర్తు ఉండాలి. మొదటి పనికి 100, రెండవదానికి 200. నకలు చేస్తే గుర్తునూ, దానికి మరలే ఆదేశాన్నీ కలిపి మార్చాలి.

2. ఫానుక్ తరహా మాక్రోలలో డూ 1కి ఎండ్ 1 జత. సంఖ్యలు 1, 2, 3 మాత్రమే. గిన్నెలో గిన్నె ఇమిడినట్లు లోపలి లూపు ముగిసిన తరువాతే వెలుపలిది ముగియాలి.

3. హైడెన్‌హైన్ కంట్రోళ్ళలో వ్రాసేది పునరావృత్తుల సంఖ్య. ఎనిమిది రంధ్రాలకు 7 అని వ్రాయాలి. 8 అంటే తొమ్మిదవది వరుస దాటి బిగింపు మీద పడవచ్చును.

4. పనిముట్టును వస్తువుకు చాలినంత ఎత్తున ఉంచి, ఒక్కొక్క ఆదేశంగా నడిపి, వేలు మడిచి లెక్కపెట్టాలి.

ఆనాడు ఈ నాలుగవది పాటించి ఉంటే, మూడవ రంధ్రం వద్దనే పొరపాటు కంటబడేది.